నాయన సర్వే మ్యాపు

శుక్రవారం

నాయన దినాలు అయిపోయాయి. ఆయన బట్టలు చాకలికిద్దామని మూట కడుతూ వదిన గుడ్డ మీద అతికించిన ఆ మ్యాపునూ అందులో చుట్టేసింది.

"ఎనక గుడ్డ ఉండాది, పాత పంచె అనుకొంటి గదమ్మా" అంది. ఊరికే కసిరాను పాపం.

ఎప్పుడో అగ్నిపర్వతం చల్లారిన ఈ ఎండు నేలలో వజ్రాలు వెతికిన సర్వే క్యాంపులో నాయన పనిచేసినప్పటిది అది. ఎవరొచ్చినా పరిచి, "ఈడ సూడప్పా, ఇదే మన ఊరు" అని వేలు పెట్టి చూపేవాడు.

ఇందాక పరిచాను. గుత్తి ఉంది. నేనెన్నడూ నీళ్లు చూడని వంకలు నీలంగా ఉన్నాయి. మా ఊరు ఉండాల్సిన చోట మాత్రం కాగితం అరిగిపోయి గుడ్డ తేలింది.

నాయన వేలంత.