గురవమ్మ ఏడుపును పాటగా వాడుతున్న విషయమై

కోల్‌కతా.
నగర పాత చలనచిత్రాల భద్రశాల అధికారి గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: మా నాన్నమ్మ గురవమ్మ ఏడుపును చెత్త బండి మైకులో పాటగా వేయుట మాన్పించుట గురించి.

నేను సాల్ట్ లేక్‌లో ఒకచోట సినిమా తీయడం, డాక్యుమెంటరీ చరిత్ర చదువుకుంటున్నాను. మా నాన్నమ్మ తెలుగు నేల నుంచి వలస వచ్చి, ఈ నగరపు వీధులు ఊడ్చి రిటైరైన మనిషి. ఇదే విషయమై ఇదివరకు ఇంగ్లిషులోను, బెంగాలీలోను అర్జీలు పెట్టుకున్నాను. ఏ భాష మాటలపై అభ్యంతరమో ఆ భాషలోనే రాయవలెనని తమ కార్యాలయం తిప్పి పంపింది. తెలుగు చదవగలవారు తమ వద్ద లేరని కౌంటరులోని గుమాస్తాయే చెప్పారు. అయినా నిబంధన నిబంధనే కనుక తెలుగులో పెట్టుకుంటున్నాను. నాకు ఇంట్లో మాట్లాడడమే గాని రాయడం అంతంతమాత్రం. నేను చెబుతుంటే మా క్వార్టర్సులోని రఘురాం మాస్టారు రాసిపెడుతున్నారు. దివ్య సముఖము వంటివి ఆయన మాటలు.

1. ఈ నగర పారిశుద్ధ్యంపై ఏనాడో తీసిన డాక్యుమెంటరీ ఒకటి తమ భద్రశాలలో కలదు. దానిని మా సార్ క్లాసులో వేసి చూపించిరి. అందులో చీపురు పట్టుకున్న యువతి ఒకతె రాగం తీయుచుండగా, వ్యాఖ్యాత "శ్రమలోనే ఈమె సంతోషం, పాటతోనే ఈమె ఉదయం" అని సెలవిచ్చును. పిల్లలందరూ బల్లలపై వేళ్లతో తాళం వేసిరి. ముఖం చూసి అనుమానపడ్డాను. గొంతు విన్నాక అనుమానం లేదు. ఆమె మా నాన్నమ్మ.

2. అది పాట కాదు. మా వైపు ఆడవాళ్లు పోయినవారిని తలుచుకుని రాగం పెట్టి ఏడుస్తారు. శోకాలు పెట్టడం అంటాం. ఆమె అంటున్నది ఇది: "పనికెళ్లొచ్చీసరికి సల్లబడిపోనావా నా నాయినా, పాలు సేపొత్తన్నాయి నాయినా, ఎవుడికియ్యను నాయినా." ముందురోజు ఆమె తొలిచూలు బిడ్డ పోయాడు. సెలవివ్వలేదు. మట్టి చేసి, మర్నాడు డ్యూటీకి వచ్చింది. కెమెరా పట్టుకున్నవారికి అది చాలా బాగుంది. భాష తెలియకపోతే అడగవచ్చును కదా అయ్యా. పక్కన ఊడుస్తున్న మనిషిని అడిగినా చెప్పేది.

3. ఈ సంగతి సార్‌కు విన్నవించుకొంటిని. "ఏడుపు కూడా ఇంత శ్రావ్యంగా ఉండడం మీ భాష గొప్పతనం" అని మెచ్చుకొని పాఠం కొనసాగించిరి. ఆనాటి పాఠం డాక్యుమెంటరీలో సత్యం గురించి.

4. ఇటీవల స్వచ్ఛతా ప్రచారం నిమిత్తం ఆ రాగం ముక్కను అసలు టేపు నుండి తీసి, డప్పు కలిపి చెత్త బండ్ల మైకులకు తమ కార్యాలయం వారు ఇచ్చియున్నారు. బండి రోజూ పొద్దున్నే మా క్వార్టర్సుకు వస్తుంది. మొదటిరోజు నాన్నమ్మ టీ వడపోస్తోంది. "ఎవుల్దే ఆ గొంతు?" అని నన్ను అడిగింది. నేను కిటికీ మూయబోయాను. రెండో చరణానికి గిన్నె కింద పెట్టి నేల మీద కూర్చుండిపోయింది. ఆ బిడ్డ సంగతి ఆనాడే ఆమె నోట విన్నాం; అంతవరకు మా నాన్నకు కూడా తెలియదు. బయట పిల్లలు బండి వెనకాల గెంతులేస్తున్నారు. డ్రైవరు వెంకటేశు మావాడే. బతిమాలాను. "నాకర్తమవుతాది చెల్లీ. ఇన్లేక సెవుల్లో దూది ఎట్టుకుంతన్నాను. మైకాపితే ఉజ్జోగం తీసెత్తారు" అన్నాడు.

5. డప్పు కలపని అసలు శబ్దపు టేపు ఇప్పించమని అడిగితే, వెనిగర్ వాసన వస్తున్నదని పారవేసినట్లు జవాబిచ్చిరి. పాత ఫిల్ము గాని టేపు గాని కుళ్లితే ఆ వాసన వస్తుందని మాకు క్లాసులో నేర్పారు. తమ కేటలాగులో దాని భాష "ఒడియా" అని, భావం "ఆనందం" అని ఉన్నట్లు కూడా ఆ జవాబులోనే ఉన్నది. అటువంటప్పుడు ఈ తెలుగు అర్జీ కూడా చెల్లదేమో. ఒడియా నాకు రాదు. మాస్టారికీ రాదు.

కావున దయతలచి, బండ్లలో ఆ ఏడుపు వేయుట మాన్పించి, "ఆనందం" అన్న మాట కొట్టివేయించవలెనని ప్రార్థన. తెలుగు చదవగలవారు తమకు దొరికిన నాడు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ప్రేమకుమారి

మనవి: మాస్టారు వెళ్లిపోయారు. ఇది నేనే రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. అర్జీ సంగతి నాన్నమ్మకి చెప్పాను. "ఆపీమని రాసినావేటే?" అంది. ఔనన్నాను. "ఆపొద్దను. ఆడికి ఫొటో నేదు. పేరైనా ఎట్నేదు. ఆడు పుట్టినాడని ఇంకెక్కడా నేదు. ఆ డప్పొక్కటీ తీసీమను" అంది.

బండి పాటలోంచి డప్పును నేనే కంప్యూటర్లో తీసి చూశాను. డప్పు పోతే గొంతు కూడా సగం పోతోంది. డాక్యుమెంటరీలోనేమో గొంతు మీద వ్యాఖ్యాత మాటలున్నాయి. అసలు టేపు ఉంటే కుదిరేది. ఆమెకి ఇంకా చెప్పలేదు. ఇవాళ బండి వచ్చే వేళకి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. డప్పు ఎప్పుడు తీస్తారని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?