ట్యాంకులో సుత్తి

ప్రియమైన అమ్మడూ,

నీ పోలీసు ట్రైనింగ్ కబుర్లు చదివి కడుపుబ్బ నవ్వాను. అనుమానితుడికి మంచినీళ్ళిచ్చి, "ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి" అని, ఆపైన నోరు మూసుకుని కూర్చోవాలా? వాడేమైనా ఇంటికొచ్చిన కొత్తల్లుడా? నా తాళాల మేస్త్రీ కేసు మీ పంతుళ్ళకి చెప్పు. గోడౌన్ కాపలాదారుని చంపిన సుత్తి నీళ్ళ ట్యాంకులో దొరికిందని కేసు చూసిన మా ముగ్గురు పోలీసులకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మేస్త్రీని నాలుగు గంటలు కూర్చోబెడితే వాడే కక్కాడు. కోర్టుకి ఆ ఒక్క మాట చాలింది, యావజ్జీవం వేసింది. కావాలంటే నేనే వచ్చి ఆ గోళ్ళు గిల్లుకునే మేధావులకి రెండు క్లాసులు చెప్పిపోతాను.

మీ నాన్న

ప్రియమైన నాన్నా,

మీరు రానక్కర్లేదు, మీ గొంతు వచ్చేసింది. ఇవాళ క్లాసులో పాత రికార్డింగు ఒకటి వినిపించారు. పేర్లు తీసేశారు గానీ మొదటి దగ్గుకే మిమ్మల్ని గుర్తుపట్టాను. మూడో గంటలో మీరే అన్నారు, "సుత్తి ట్యాంకులో పడేశావు కదరా?" అని. ఆ మేస్త్రీ "ఏ ట్యాంకు సార్?" అన్నాడు. ఇంకో గంటకి "అవును సార్, ట్యాంకులోనే" అన్నాడు.

మనకు తెలిసింది ముందు మనం బయటపెట్టకూడదని మాకు మొదటిరోజే నేర్పారు. క్లాసంతా నవ్వింది నాన్నా. మీ కూతుర్నని తెలియకూడదని నేనూ నవ్వాను. ఆయన పదకొండేళ్ళుగా జైల్లో ఉన్నాడు. కేసు మళ్ళీ తెరవడానికి రికార్డింగు ఒక్కటే చాలదట. ట్యాంకు మాట మీరే అందించారని మీ సంతకంతో కాగితం కావాలి. పదో తారీఖు లోపల పంపండి.

అమ్మడు

అమ్మాయిగారికి,

నాలుగు వారాలు కుర్చీలో కూర్చుని నాకే ఓనమాలు దిద్దించేంతదానివయ్యావు, శభాష్! చేయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు? నేనైతే చచ్చినా ఒప్పుకోను. మనిషి కళ్ళలోకి చూసి పసిగట్టేవాణ్ణి నేను. నా సర్వీసంతా బూడిదలో పోసుకోమంటావా? సంతకం లేదు, గింతకం లేదు.

రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్

నాన్నకి,

"ప్రియమైన" అని రాయబోయి మానేశాను. కళ్ళు చూసి చెప్పేస్తారుగా, జైలుకెళ్ళి ఆయన కళ్ళు ఇంకోసారి చూడండి. ఏమీ అడగకుండా ఐదు నిమిషాలు కూర్చోండి చాలు. మీ వల్ల కాదులెండి. మీది ధైర్యమని చిన్నప్పటినుంచీ మురిసిపోయాను. వట్టి నోరు. గడువుకి ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

మీ కూతురు

ప్రియమైన అమ్మడూ,

వెళ్ళాను. నీ మీద గౌరవంతో కాదు, నీ నోరు మూయించాలని.

ములాఖత్ గదిలో వాణ్ణి బల్లకి అటుపక్క కూర్చోబెట్టారు. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడు, నాకంటే ముసలివాడైపోయాడు. నేనేమీ అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను, అంతే. వాడు గభాలున లేచి చేతులు కట్టుకున్నాడు. "నేనే సార్. సుత్తి ట్యాంకులో పడేశాను సార్. ఇంకేమైనా ఒప్పుకోవాలంటే మీరు చెప్పండి సార్, చెప్పేస్తాను" అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను గది దాటేదాకా అలాగే నిలబడ్డాడు. ఛీ, ఇదటే నేను ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పుకున్న పనితనం!

కాగితం దీంతోనే పెట్టాను. ట్యాంకు మాట నాదేనని రాశాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని సందేహించకు, రాసింది నేనే.

నాన్న