ఎస్తేరును ఎవరి చేతికియ్యాలె

పెబ్బేరు,
2006 నవంబరు

ప్రియమైన నా బంగారు బిడ్డ పావనికి,

నాయిన వెంకట్రాములు కడుపునిండా దీవించి రాయునది. మీ అమ్మ, నేను క్షేమం. నాగర్‌కర్నూల్‌లో నీ ఇంటికి బోర్డు కట్టావని, నర్సమ్మలు, పంతులమ్మలు డ్యూటీకి పోతూ పిల్లల్ని నీ దగ్గర వదులుతున్నారని చదివాక నా కాలు ఒకచోట నిలవలేదు. ఉత్తరం జేబులో పెట్టుకుని పశువుల అంగడంతా తిరిగాను. వడ్డేపల్లి నుంచి ఎద్దులు కొనడానికొచ్చిన రైతుకు కూడా చదివి వినిపించాను. ఆయన "నీ బిడ్డ సల్లగుండ, ముందు గా ఎద్దు సంగతి చెప్పు" అన్నాడు. నేను ఇంకో పేజీ చదివాను. బేరం పోయింది. పోనీ తల్లీ, అంతకంటే పెద్ద సంతోషం నా దగ్గర ఉంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఎస్టీడీ బూత్ గోవిందు మన మాటలు వినడమే కాదు, మధ్యలో సలహాలు కూడా ఇస్తాడు.

ఇంకో మంచి మాట. మన వెనుక వాడలో బాలమ్మ, సాంసన్ ఉన్నారు కదా, మేస్త్రీ వెంట పుణె పనికి పోతున్నారు. వాళ్ల పాప ఎస్తేరుకు ఇంకా రెండేళ్లు నిండలేదు. పోయినేడు అక్కడ ఎవరిదో పిల్ల నీళ్ల గుంతలో పడిందట. "ఏం జెయ్యాలె పెద్దయ్యా, ఎత్తుకొని ఇటుకలు మోస్తనా?" అని బాలమ్మ ఏడ్చింది. నాకు ఆగలేదు. అంగట్లో బేరం కుదిరినప్పుడు వేసినట్టే తువ్వాల కింద సాంసన్ చేతిలో చెయ్యి వేసి, "నా బిడ్డ ఉండంగ మీకేం పరేషాన్? ఎండాకాలందాక సూస్తది" అని మాటిచ్చాను. వాళ్లు శనివారం పోతారు. ఆ తర్వాత పాపను తీసుకొస్తాను. నువ్వు ఎంత సంబరపడతావో!

నీ గొప్ప చెప్పుకొని అలిసిపోని
నాయిన

*

నాగర్‌కర్నూల్

ప్రియమైన నాయినకు,

పావని నమస్కారాలు. ఉత్తరం అందగానే రాస్తున్నాను. దయచేసి పాపను తీసుకురావద్దు. కోపం కాదు, భయం.

బోర్డు కట్టే ముందు వకీలు ఉమారాణి మేడంను అడిగాను. ఇలా ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లకని ఇక్కడ వేరే చట్టం తనకు కనబడలేదట. "అట్లని నీకు బాధ్యత లేదనుకోకు. బిడ్డ నీ గడప దాటి లోపలికొచ్చిన కాడినుంచి మళ్ల తల్లి చేతికి పొయ్యేదాక ఏమైనా నిన్నే అడుగుతరు" అన్నారు. అందుకే తల్లిదండ్రుల సంతకం లేకుండా ఒక్క పిల్లనూ చేర్చుకోను. సాయంత్రం ఎవరు తీసుకుపోవాలి, ఏ మందు పడదు, ఒంట్లో బాగాలేకపోతే ఎవరికి చెప్పాలి, అన్నీ ముందే రాయించుకుంటాను. మొన్న ఒక పిల్లాడి బాబాయి వచ్చినా ఇవ్వలేదు. ఆయన వీధిలో నిలబడి నన్ను తిట్టి పోయాడు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు పొద్దున వదిలి సాయంత్రం తీసుకెళ్తారు. నెలల తరబడి ఉంచుకోవడం ఇంకో సంగతి నాయినా. తువ్వాల కింద చెయ్యి వేయడానికి అది దూడ కాదు. వాళ్లు లారీ ఎక్కకముందే వెళ్లి చెప్పు.

నీ బిడ్డ
పావని

*

పెబ్బేరు

ప్రియమైన నా వకీలు బిడ్డకు,

నీ ఉత్తరం వచ్చేసరికి లారీ పోయింది. నువ్వు వద్దన్నావు కదా, నీ దగ్గరికి తీసుకురాను. ఎస్తేరు ఇక్కడే, మన ఇంట్లోనే ఉంది!

ఏం పిల్ల అనుకున్నావు! నా మీసం పట్టుకుని లేస్తుంది. మీ అమ్మ మోకాళ్ల నొప్పి అంటూనే చంకన వేసుకుని వాడంతా తిప్పుతోంది. నేను అంగడికి పోవడమే మానేశాను. చూసి ఇంకో ఇద్దరు తల్లులు అడిగారు, "పెద్దయ్యా, మా పిల్లల్ని గూడ జర సూస్తవా?" అని. సూస్తనన్నాను. మన ఇంటికి కూడా బోర్డు కట్టిద్దామా?

మేడంగారితో చెప్పు. తాతకు కాగితం ఎందుకు?

ముగ్గురు పిల్లల తాత,
నాయిన

*

నాగర్‌కర్నూల్

నాయినా,

పెబ్బేరు దవాఖాన నుంచి ఇల్లు చేరాను గానీ కన్ను మూత పడటం లేదు. నువ్వు గోవిందు బూత్ నుంచి ఫోన్ చేసి "పిల్ల కట్టెలెక్క బిగుసుకపోయింది బిడ్డా" అన్న మాట చెవిలోనే ఉంది.

ఎస్తేరుకు జ్వరం దిగింది, అదే పదివేలు. కానీ డాక్టరు అడిగింది గుర్తుందా? "ఇంతకుముందు ఫిట్స్ వచ్చినయా?" అంటే నువ్వు నా ముఖం చూశావు, నేను నీ ముఖం చూశాను. "ఏ మందన్నా పడదా?" మళ్లీ అదే. బాలమ్మను అడుగుదామంటే మేస్త్రీ సెల్ కలవలేదు. "మీరేమయితరు?" అంటే తాత అని రాసి సంతకం పెట్టావు. ఆ పిల్లకేమన్నా అయి ఉంటే ఆ ఒక్క మాటకు నిన్ను ఎక్కడెక్కడ నిలబెట్టేవారో! బాలమ్మకు ఏమని చెప్పేవాళ్లం?

మిగతా ఇద్దరినీ వాళ్ల ఇళ్లకు పంపు. ఎస్తేరును తల్లి దగ్గరికి చేర్చు. మేడం ఇంకో మాట చెప్పారు. కట్టడం పనిలో యాభైమందికి మించి ఆడవాళ్లుంటే పిల్లల కోసం గది, చూసే మనిషిని పెట్టాల్సింది పని పెట్టినవాళ్లేనట. అది చట్టంలోనే ఉందట. అక్కడ అడుగు.

పావని

*

పుణె

ప్రియమైన బిడ్డా,

నీ నాయిన చెప్పులు అరిగినా హుషారుగా రాయునది. మిగతా ఇద్దరినీ ఇళ్లకు పంపి, ఎస్తేరును తల్లి చేతికి ఇచ్చేశాను. బస్సులో దారి పొడుగునా నిమిషానికోసారి నుదురు పట్టి చూస్తూనే ఉన్నాను. ఎదురు సీటాయన విసిగిపోయి "గా పిల్లను జర పండనియ్యి ముసలాయనా" అన్నాడు.

బాలమ్మకు జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. పిల్లను రొమ్ముకు హత్తుకుని, "గిట్లనే పోయినేడు గూడ వచ్చినయి పెద్దయ్యా. జరం రాంగనే తడిబట్ట ఎయ్యాలె, గోలీ ఎయ్యాలె. గోలీలు నా మూటలనే ఉన్నయి" అంది. "మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. "నువ్వు అడగలే గద" అంది.

పావనీ, ఆ మాట నిజమే. మీసం పట్టుకుంటే మురిసిపోయాను గానీ ఒక్క మాట అడిగానా?

నేను వచ్చేసరికి ఇక్కడ పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుతున్నారు. వాళ్ల కాళ్లకు తాళ్లు కట్టి పట్టుకుని ఏసమ్మ అనే ముసలమ్మ కూర్చుంది, పక్కనే నీళ్ల గుంత. గది సంగతి అడిగితే మేస్త్రీ నవ్వాడు. "యాభైమంది ఆడోళ్లున్నరని ఎవడు లెక్కవెట్టిండు?" అన్నాడు. ఆడవాళ్లందరినీ ఒకచోట నిలబెట్టి చూసుకోమన్నాను. బాలమ్మ కూడా తట్ట కింద పెట్టింది. వారం గొడవ. చివరికి గుంతకు దూరంగా రేకుల గది వేశారు. ఏసమ్మకు కూలి కట్టారు. తాళ్లు విప్పాము. గది నడక కుదురుకునే దాకా ఏసమ్మకు తోడుండి వస్తానని అమ్మతో చెప్పు, తిట్టించుకోవడానికి సిద్ధం.

పిల్లను లోపలికి తీసుకునేముందు అన్నీ అడుగుతున్నాను. ఎన్ని అడుగుతున్నానంటే "పెండ్లి సంబంధమా పెద్దయ్యా?" అని నవ్వుతున్నారు.

నిన్న సాయంత్రం ఒకడొచ్చి ఒక పిల్లాడిని చూపించి, "నేను మేనమామను, ఇయ్యి" అన్నాడు. పిల్లాడు "మామా" అని ఉరికాడు కూడా. ఇవ్వలేదు. "ముసలోడా, కండ్లు కనబడ్తలేవా? పిలుస్తుండు గద!" అని అరిచాడు. గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. పని దిగి తల్లి వచ్చింది. "అయ్యో, నా తమ్ముడే పెద్దయ్యా" అంది. "కావొచ్చు బిడ్డా, గా మాట నువ్వు చెప్పాలె" అన్నాను.

వాడు ఇప్పటిదాకా నాతో మాట్లాడటం లేదు. నాకు మాత్రం ఎంత సంతోషంగా ఉందో, నీకు కాక ఇంకెవరికి రాసుకోను?

వీధిలో తిట్లు తిన్న బిడ్డకు
ఇక్కడ తిట్లు తిన్న నాయిన