కృష్ణ వైపు గోడ

మస్తానూ,

మేస్త్రివని ఇల్లు నీ చేతికిస్తే, గుమ్మం రోడ్డుకు కాకుండా కృష్ణానది వైపుకు తిప్పావు. ఇరవై ఏళ్లయినా ఆ కోపం నాకు పోలేదు. పునాదికి ముగ్గు పోసే ముందు బీడీ వెలిగించి, పొగ ఎటు పోతుందో చూశావు. "రోడ్డు మీంచి జనం వస్తారు బావా, గాలి రాదు" అన్నావు. ఊరికి వీపు చూపించే ఇల్లని అందరూ నవ్వారు.

నువ్వు కన్నుమూసిన మూడేళ్లకు మావాడు ఆ ఇల్లు పడగొట్టి డాబా మొదలెట్టాడు. బెజవాడ ఇంజనీరు మా ఇబ్రహీంపట్నం మొహం చూడకుండానే ప్లాను గీశాడు. గుమ్మం రోడ్డుకే వచ్చింది. నా మాట నెగ్గిందని మురిశాను. నిన్న లోపల సెంట్రింగు చెక్కల కింద నిలబడి బీడీ వెలిగిస్తే పొగ నా మొహం ముందే వేలాడింది. కృష్ణ వైపు అంతా గోడే. కొత్త మేస్త్రిని అడిగితే, "ఫ్యాను వేసుకుంటారు కదండీ" అన్నాడు.

గోడ పగలగొట్టి కిటికీ పెట్టమన్నాను. "ఎక్కడో చూపించు నాన్నా" అన్నాడు మావాడు. నాకు తెలియదు. ఆ మాట వాడితో అనలేదు, నీతో అంటున్నాను.

శుక్రవారం స్లాబు పోస్తారు, ఆ తర్వాత గోడ ముట్టుకోనివ్వరు. గురువారం పొద్దుగూకేలోపు నాకు జవాబు కావాలి.