గుడ్లున్న చిన్న చందువ

2003 జులై, ఆదివారం

ఈ రోజు ఉప్పాడ వెళ్లాను. తమ్ముడు సింహాద్రి వెడల్పు రంధ్రాలుండే పెద్ద కన్ను వలలు అమ్మేశాడు. జువాలజీ చెప్పే అక్క మాట కదా అని నమ్మి మూడేళ్ల క్రితం కొన్నాడు. చిన్న చేపల్ని వదిలేస్తే పెద్దవవుతాయని చెప్పింది నేనే. పక్క పడవలకు పడే సైజు చేపలన్నీ వాడి వలలోంచి జారిపోయాయి.

అరచెయ్యంత చందువ చేప తీసి నా ముందే పొట్ట కోశాడు. నిండా గుడ్లు. నాన్న వేటకెళ్లే రోజుల్లో ఆ సైజు చేపకి గుడ్లుండేవి కావు.

"ఇది పిల్ల కాదక్కా, తల్లి. నువ్వు వదిలెయ్యమన్నావని వదిలేను. మరి పెద్దవవ్వలేదేంటి?"

చెప్పాను. పెద్దవాటినే ఏళ్ల తరబడి పట్టేశాం. చిన్నప్పుడే గుడ్లు పెట్టినవే మిగిలాయి. వాటి పిల్లలకీ అదే గుణం వచ్చింది. బలమంతా గుడ్లకే పోతుంది కాబట్టి అవిక అంతకన్నా పెద్దగా ఎదగవు.

"మళ్లీ పెద్దవి రావా?"

"అందరూ వదిలితే, చాలా ఏళ్లకి రావచ్చు. మన కాలంలో కాదేమోరా."

"మరి ఆ రోజే చెప్పలేదేం?"

అప్పటికి నాకూ తెలీదన్నాను. తెలుసు. చెబితే ఆ వలలు కొనడని చెప్పలేదు.

వాడు కోప్పడలేదు. "సరేలే, బస్సుకి టైమైంది" అని నా సంచి అందుకుని స్టాండు దాకా వచ్చాడు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు.

రేపు క్లాసులో ఇదే పాఠం. ఏదీ దాచకుండా చెప్పగలను. అక్కడ వల వేసేవాళ్లెవరూ లేరు.