తలుపు సరిగా పడని మైక్రోవేవ్

సుభద్రకు,

ఫోన్‌లో అడిగితే బాగానే ఉన్నానని అనేస్తాను, అందుకే ఇది రాస్తున్నాను. అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా మీరు కాకినాడలోనే, నేను ఉద్యోగానికి ఇక్కడ ఉండాలని ఇద్దరం కలిసే అనుకున్నాం. అందులో మార్పేమీ లేదు.

ఇక్కడ వసంత్ కుంజ్ ఫ్లాట్‌లో మైక్రోవేవ్ చెడిపోయింది. కొన్నాళ్లుగా దాని తలుపు గట్టిగా పడటం లేదు. లోపలి పళ్లెం తిరగడం మానేసింది. కూర అంచుల్లో పొగలు కక్కుతూ మధ్యలో చల్లగానే ఉండేది. అయినా హోటల్ నుంచి తెచ్చుకున్నది అందులోనే వేడి చేసుకుని తిన్నాను. ఇంట్లో చప్పుడు చేసేది అదొక్కటే.

ఆదివారం లోపల మెరుపులు వచ్చి, కాలిన వాసన కొట్టింది. తలుపు తెరవకుండా స్విచ్ ఆపి ప్లగ్గు పీకేశాను. నాకేమీ కాలేదు, కంగారు పడకు.

వాసనకి ఎదురింటి చాందినిగారు పరుగెత్తుకొచ్చారు.

"భాయీసాబ్, అంతా ఠీక్ హై? భాభీజీ ఎక్కడ?"

ఎందుకో తెలియదు, నువ్వు బజారుకు వెళ్లావని చెప్పాను.

"అచ్ఛా, రాగానే చెప్పండి, దీన్ని మళ్లీ ముట్టుకోవద్దని."

ఆవిడ వెళ్లాక చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను, నువ్వు నిజంగానే వస్తున్నట్టు.

ఎవరూ వాడకూడదని చెప్పి దాన్ని పాత సామాన్లు కొనే కబాడీ అతనికి ఇచ్చేశాను. చిన్న కుక్కర్ కొన్నాను. ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో తెలియడం లేదు. ఎప్పుడూ అందరికీ వండినదానివి, నీకు మాత్రం ఎలా తెలుస్తుందిలే. అయినా ఓసారి ఆలోచించి రాయి.

ఉంటాను.