క్యాప్సూల్లో నల్ల జీలకర్ర

అమ్మా, నా మందు నువ్వు తీసేశావు. క్యాప్సూళ్లు ఒక్కొక్కటీ విప్పి, లోపలి తెల్లగింజలు దులిపేసి, వాటి బదులు నల్ల జీలకర్ర పొడి కూరి, మళ్లీ మూతపెట్టి నా డబ్బాలో పోశావు. ఒక్కదానికీ చిన్న నొక్కు కూడా పడలేదు. ఎంత ఓపిగ్గా చేశావో! నేను వాటిని మందనుకుని రోజూ మింగాను. నీకు సలామ్ రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

ఫోన్లో అడగనిచ్చావా? "డబ్బాలో ఏం పోశావ్?" అన్నానో లేదో ఏడుపు మొదలుపెట్టావు. పక్కనుంచి అత్త "ఏమంటోంది? మళ్లీ ఏమంటోంది ఆ పిల్ల?" అని అరుస్తోంది. ఫోన్ పెట్టేశావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మసీదు తరగతిలో చదవడం నేర్చుకున్నావుగా, కూర్చుని చదువు. పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాను. అత్త చేతికి ఇవ్వకు.

ఎలా బయటపడిందో విను. మధ్యాహ్నం చేపల ఫ్యాక్టరీలో రొట్టె తినే వేళ, చేతులు ఉప్పునీళ్లతో తడిగా ఉండగానే క్యాప్సూల్ తీశాను. అది వేలికి అంటుకుని చిరిగింది. అరచేతిలో నల్లటి పొడి. మందు కుళ్లిపోయిందేమోనని హడలిపోయాను. పక్కనున్న ఖదూజ్ వంగి వాసన చూసింది. ఆమె నీ వయసు మనిషి. సార్డీన్ చేపల తలలు కత్తిరించీ కత్తిరించీ ముక్కు చచ్చిపోయిందంటుంది గానీ, ఆ ముక్కే పట్టేసింది. "ఓసి పిచ్చిదానా, ఇది మందేమిటే? మా అమ్మ రొట్టె మీద చల్లేది! నీ డాక్టరమ్మ వంటిల్లు కూడా నడుపుతోందా?" అంది. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే డబ్బాలోంచి ఇంకోటి విప్పి చూశాను, అందులోనూ అదే పొడి. ఆ డబ్బా ముట్టుకునే మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివే. ఆదివారం ఇంటికొస్తే నా సంచి సర్దేది నువ్వే. మసీదు ఫకీహ్ గారు ఖురాను చదివి ఊదిన పొడి తాగమని నా వెంటపడిందీ నువ్వే. నేను తాగనన్నాను. అందుకని ఇలా తాగించావు.

అసలు మందు పెట్టెను నేను ఎందుకు పారేసేదాన్నో నీకు తెలుసు. దాని మీది పేరు ఒక్కరు చూస్తే చాలు, సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ అంతా "సుకైనా పిచ్చి డాక్టరు దగ్గరికి పోతోంది" అంటారు. అందుకే క్యాప్సూళ్లన్నీ దగ్గుబిళ్లల డబ్బాలో పోసుకున్నాను. ఊరి నుంచి దాచుకున్నాను గానీ నీ నుంచి దాచుకోవాలని నాకు తోచలేదు.

ఆ మందు దొరకడానికి నేను ఎంత తిరిగానో నీకేం తెలుసు? ఊపిరాడక చస్తున్నానని అత్యవసర విభాగానికి వెళితే గుండె పరీక్ష చేసి "ఏమీ లేదు, పెళ్లి చేసుకో" అన్నారు. డిస్పెన్సరీలో డాక్టరు నా ముఖం కూడా చూడకుండా బలం మందు రాశాడు. ఏమీ లేకపోతే డబ్బాలు మూసే మిషన్ చప్పుడుకి నా ప్రాణం ఎందుకు పోతోంది? ఫ్యాక్టరీ బస్సు ఎక్కాలంటే ఎందుకు వాంతి వస్తోంది? చివరికి పెద్దాసుపత్రిలో డాక్టర్ నవాల్ దొరికింది. కుర్చీ నా వైపు తిప్పుకుని "మొదటి నుంచి చెప్పు" అంది. నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. మొదట ఇచ్చిన మందు నాకు పడలేదు, అన్నం చూస్తే కడుపులో తిప్పేది. మార్చింది. రెండోది పనిచెయ్యడానికి వారాలు పడుతుంది, ఓర్చుకో అంది. ఓర్చుకున్నాను. ఒక రోజు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది, నేను భయపడలేదని. ఆ రోజే నీకు ఫోన్ చేసి చెప్పాను. "అల్ హమ్దు లిల్లా" అన్నావు. అప్పటికే మార్చేశావా? లేక ఆ మాట విన్నాక మార్చావా?

తర్వాత ఏమైందో కూడా విను. కన్ను పక్కకు తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టయ్యేది. నేల పడవలాగా ఊగేది. కత్తెర జారి వేలు తెగింది. మేస్త్రీ లహ్సెన్ వచ్చి, "ఏం పిల్లా, నిన్ను పట్టిన జిన్ను మళ్లీ వచ్చిందా? దానికీ ఒక కత్తెర ఇస్తాను, పక్కన కూర్చోబెట్టుకో, ఇద్దరి పనీ అవుతుంది" అన్నాడు. నేను మళ్లీ జబ్బులో పడ్డాననుకున్నాను. అందరికీ పనిచేసే మందు నాకు పనిచెయ్యదనుకున్నాను. అమ్మా, భయం కన్నా ఘోరం ఏమిటో తెలుసా? భయానికి మందే లేదని నమ్మడం. ఓడ రేవు గోడ మీద నిలబడి కింద నీళ్లు ఎంత లోతో చూశాను. నిన్ను బెదిరించడానికి రాయడం లేదు, జరిగింది గనక రాస్తున్నాను. అక్కడి నుంచి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది ఖదూజ్.

డాక్టర్ నవాల్ ఏం చేస్తుంది పాపం? మందు చాలడం లేదనుకుని మోతాదు రెట్టింపు రాసింది. ఇప్పుడు నా దగ్గర కొత్త పెట్టె ఉంది. వేసుకోవాలంటే భయం, మానాలంటే భయం. నా ఒంట్లో అసలు మందు ఎంత ఉందో నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. తెలిసినదానివి నువ్వు. ఎప్పటి నుంచి మార్చావు? అన్నీ మార్చావా, కొన్నా? ఆ తెల్లగింజలు ఏం చేశావు? రేపు పొద్దున రషీద్ టాక్సీ మన ఊరి నుంచి తిరిగొస్తుంది. అతని చేతికి జవాబివ్వు. రాకపోతే ఇక ఆదివారాలు నా కోసం ఎదురు చూడకు.

సుకైనా

* * *

నా కార్జమా, నా సుకైనా,

అల్లా నిన్ను చల్లగా చూడాలి. నేను రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వకు. మీ అత్త పొలానికి వెళ్లింది. తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

నువ్వు ఆ మందు మొదలుపెట్టినప్పుడు ఒకటి తీసుకుని నేను మింగాను. నా బిడ్డకు ఏం పెడుతున్నారో చూద్దామని. చిన్నప్పుడు నీకు పాలు కూడా నేను రుచి చూడకుండా పట్టలేదు కదా. మింగిన రోజు కడుపులో తిప్పింది, చెమటలు పట్టాయి. ఇది విషం, నా పిల్లని చంపుతున్నారు అనుకున్నాను. ఫకీహ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన పొడి మీద చదివి ఊదారు. మందు మానిపించమని ఆయన అనలేదు, ఆయన్ని తిట్టకు. ఆ బుద్ధి నాదే. రంజాను ముందు ఆదివారం నుంచి మార్చాను. అన్నీ మార్చాను.

గింజలు పారేయలేదు. తేనెలో కలిపి నేనే మింగాను. నవ్వకు. నీ రాతలో ఉన్న విషం నేను తాగేస్తే నీదాకా రాదనుకున్నాను. రోజూ ఒక క్యాప్సూల్ గింజలు. చస్తే నేనే చస్తాను, పెద్దదాన్ని అనుకున్నాను.

తల్లీ, నేను చావలేదు. కొన్నాళ్లకు ఏం జరిగిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మీ నాన్న పడవ తిరిగి రాని రోజు నుంచి గాలి వీస్తే నేను కూర్చోలేను, నీకు తెలుసు. తలుపు తీసి సముద్రం చూడాలి. వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా గుండె ఆగిపోయేది. సముద్రం మింగిన వాళ్ల ఆడవాళ్లందరూ ఇంతే అనుకున్నాను. అది జబ్బని ఎవరూ చెప్పలేదు. ఆ గింజలు మింగుతుండగా ఒక రోజు పెద్ద గాలి వీచింది. నేను పిండి కలుపుతూ కూర్చున్నాను. లేవలేదు. అత్త వచ్చి "గాలి వినబడలేదా ముబారకా?" అంది. వినబడింది. అంతే, వినబడింది.

ఆ తర్వాత నీకు చెప్పే ధైర్యం పోయింది. చెబితే నీ మందు నీకిచ్చెయ్యాలి. నీ నోటి దగ్గరది తింటున్నానని తెలిసీ తిన్నాను. నువ్వు ఫోన్ చేసిన రోజుతో ఆపేశాను. ఇప్పుడు నా తలలోనూ కరెంటు కొడుతోంది. గోడ పట్టుకుని నడుస్తున్నాను. ఇది అల్లా వేసిన శిక్ష. నాకిది తగినదే. నువ్వు నీ మందు వేసుకో, నన్ను వదిలెయ్యి.

నీ అమ్మ ముబారకా

* * *

అమ్మా,

నీ ఉత్తరం బల్ల కింద పెట్టుకుని, చేపలు కత్తిరిస్తూ చదివాను. కాగితానికి చేప కంపు పట్టింది, నువ్వు చూడవు గనక చెబుతున్నాను. నా కోపం పోలేదు. అది ఉంటుంది, ఉండనీ. కానీ ఇప్పుడు దానికన్నా భయం ఎక్కువైంది, ఈసారి నా గురించి కాదు.

పని మధ్యలో వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టర్ నవాల్ మొత్తం విన్నది. రెట్టింపు మోతాదు కొట్టేసి, నాకు మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టింది. నీ సంగతి చెబితే ముందు వయసు అడిగింది. చెప్పాను. "ఆమెకు ఇంకే జబ్బులున్నాయి?" అంది. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటుంది, అప్పుడప్పుడు మరిచిపోతుంది అన్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. ఈ మందు బీపీ పెంచుతుందట. ఇంకొకరి మందు పరీక్ష లేకుండా మింగడం ఒక ప్రమాదం, ఠక్కున ఆపడం ఇంకో ప్రమాదం. నువ్వు రెండూ చేశావు.

నీ తలలో కొట్టేది శిక్ష కాదు. మందు ఒక్కసారిగా మానేస్తే ఎవరికైనా అలాగే కొడుతుంది. నాకూ అదే కొట్టింది, నేనేం పాపం చేశాను? నిన్ను వదిలెయ్యమంటావా? నీ భయం ఏళ్ల తరబడి మన ఇంట్లో నాతోపాటే అన్నం తిని, నా పక్కనే పడుకుంది. అది నీ స్వభావం అనుకుని నేనూ నోరు మూసుకుని పెరిగాను. ఆ గింజలు నీకు పనిచేశాయంటే దాని అర్థం, నీకున్నదానికి వైద్యం ఉందని. నీకు ఏ మందు, ఎంత, అసలు అదే మందా కాదా అన్నది ఆవిడ చూసి చెబుతుంది. దొంగతనంగా తేనెలో కలుపుకోవాల్సిన పని లేదు. నీ పేరు మీద నీ చీటీ ఉంటుంది.

"ఊరంతా ఏమనుకుంటుంది" అని రాస్తావు, నాకు తెలుసు. ఖదూజ్‌కి చెప్పాను, నీకు కోపం వచ్చినా సరే. "మీ అమ్మతో చెప్పు, ఆసుపత్రి వరండాలో నేనూ కూర్చుంటాను, ఎవరైనా చూస్తే పిచ్చిది నేనేనని చెబుతా, ఎలాగూ నమ్ముతారు" అంది.

ఈలోగా బీపీ మాత్ర మరిచిపోకు. మిగిలిన గింజలుంటే ముట్టుకోకు, నాకోసం ఉంచు. గుండెలో నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా అత్తను కేకెయ్యి, ఏ సిగ్గూ పడకు, రషీద్ టాక్సీలో వెంటనే వచ్చెయ్యి.

సోమవారం పొద్దున డాక్టర్ నవాల్ మనిద్దరికీ వరసగా సమయం ఇచ్చింది. ముందు నువ్వు, తర్వాత నేను. నువ్వు రావాలి. "వస్తాను" అన్న ఒక్క మాట రాసి గురువారం సాయంత్రం అసర్ నమాజు లోపు రషీద్ చేతికివ్వు. అప్పటికి ఆ కాగితం నాకు అందకపోతే, శుక్రవారం నేనే ఊరికి వచ్చి నిన్ను తీసుకెళతాను, వీధిలో ఎవరు నిలబడి చూసినా సరే. గురువారం, అమ్మా. అసర్ లోపు.

నీ సుకైనా